పలుచగానే పుయ్యాలె అక్కా

మాఘం వచ్చిందంటే కొడంగల్‌లో ఫంక్షన్ హాళ్లకు తీరిక ఉండదు. చీర రంగు కుదురుతుంది, నగల సెట్టు కుదురుతుంది, జడకు పూలు ఎవరు తెస్తారో అది కూడా తేలిపోతుంది. పెండ్లి పిల్లకు ఒక్క దిగులు మాత్రం చివరిదాకా ఉంటుంది. పార్లర్ కుర్చీలో కూర్చుని, చేత్తో బుగ్గను తడుముకుంటూ అడుగుతుంది: "అక్కా, ఈ గుంటలు కనబడకుండ చెయ్యొచ్చా?"

ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇవాళ మీతో కూర్చుని దీని గురించే మాట్లాడాలనిపించింది.

మేకప్ రంగును మారుస్తుంది, ఆకారాన్ని మార్చదు. మొటిమ మానిన తర్వాత మిగిలేది రెండు రకాలు. ఒకటి మచ్చ, ఒకటి గుంట. మచ్చ చదునుగా ఉంటుంది, అది ఉత్త రంగే. మన చామనఛాయ మేనుల మీద మొటిమ పోయినా నల్లమచ్చ నెలల తరబడి పోదు. దాన్ని కన్సీలర్ చక్కగా కప్పేస్తుంది, బెంగ పడే పనే లేదు. గుంట సంగతి వేరు. అది మన కంటికి కనబడేది నీడ వల్ల. ఆ నీడ మీద ఎంత రంగు పూసినా నీడ పోదు. తాండూరు బండ మీద నడిచిన కాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. పక్క నుంచి ఏటవాలు వెలుగు పడితే ఆ నాపరాయి మీద ప్రతి ఎత్తూ పల్లమూ పైకి తేలుతుంది. ఎదురుగా సమంగా వెలుగు పడితే అదే బండ సాపుగా కనబడుతుంది.

కాబట్టి మొదట చూసుకోవాల్సింది ఫౌండేషన్ కంపెనీని కాదు, కిటికీని. కిటికీకి ఎదురుగా కూర్చోండి. నడినెత్తి మీద ఒక్క బల్బు వెలుగుతున్న గదిలో మేకప్ వేస్తే గుంటలన్నీ రెండింతలై కనబడతాయి. ఆ కంగారులో ఇంకో పూత, ఇంకో పూత వేస్తూ పోతారు. ఫొటోలు తీసే అబ్బాయికి కూడా ఒక మాట ముందే చెప్పండి, లైటు పక్క నుంచి కాక ఎదురు నుంచి, తెల్లటి గొడుగులోంచి మెత్తగా పడేలా పెట్టమని. ఆ ఒక్క మాట ఖరీదైన ప్రైమర్ కంటే ఎక్కువ పని చేస్తుంది.

మందంగా పూస్తే అన్నీ మునిగిపోతాయన్న నమ్మకం మనకు ఊరికే రాలేదు. పాలమూరు పల్లెల్లో బాగోతం ఆడేవాళ్లు మొగానికి పచ్చటి అర్దళం దట్టంగా పూసుకునేవాళ్లు. అర్దళం అంటే హరిదళం, అందులో ఉండేది ఆర్సెనిక్. రాత్రిపూట, చాలీచాలని వెలుగులో, ఎక్కడో దూరాన కూర్చున్నవాళ్లకు కృష్ణుడెవరో సత్యభామ ఎవరో తెలియాలంటే ఆ మందం కావాలి. తర్వాత సినిమాలు వచ్చాయి. మాక్స్ ఫ్యాక్టర్ కంపెనీ మేకప్ పూత పాన్‌కేక్ 1938లో బజారుకు వచ్చింది, మద్రాసు స్టూడియోల దాకా చేరింది. మన సికింద్రాబాద్‌లో పుట్టిన రచయిత అశోకమిత్రన్ జెమినీ స్టూడియోలో పనిచేశారు. అక్కడి మేకప్ గదుల వేడి గురించి, ఆ పాన్‌కేక్ వాడకం గురించి వివరంగా రాశారు. ఆ పూత ఆనాటి ఫిలిం కోసం, కళ్లు బైర్లు కమ్మే ఆ దీపాల కోసం. మన పెండ్లి పిల్లను చూసేదెవరు? జానెడు దూరంలో కూర్చుని జీలకర్ర బెల్లం పెట్టే పిల్లగాడు, పక్కకు వంగి చెవిలో గుసగుసలాడే మేనత్త. వాళ్లకు గుంటకంటే ముందు కనబడేది గుంటలో ఇరుక్కున్న పూతే.

ఇంతకీ ఎట్లా వెయ్యాలంటారా? పెండ్లికి వారం ముందు నుంచి కొత్త ఫేషియల్ వద్దు, బరబర రుద్దే స్క్రబ్ వద్దు. పెండ్లి రోజు పొద్దున మెత్తటి ఫేస్‌వాష్‌తో కడిగి, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాసి, పది నిమిషాలు ఓపిక పట్టండి. ఈ పది నిమిషాల దగ్గరే చాలామంది తొందర పడతారు. క్రీమ్ ఇంకకముందే ఫౌండేషన్ పూస్తే అది జారుతుంది, మధ్యాహ్నానికి ముక్కు పక్కన పేరుకుంటుంది. తర్వాత ప్రైమర్. సిలికోన్ ఉన్న ప్రైమర్ చిన్న చిన్న రంధ్రాలను కాసేపు పూడుస్తుంది గానీ లోతు గుంటలను పూడ్చలేదు. దాన్ని మొగమంతా పులమొద్దు. బుగ్గల మీద, ముక్కు దగ్గర, కావాల్సిన చోట మాత్రం వేలితో అదమండి. దాని మీద నీళ్ల ఫౌండేషన్ వేస్తే ఒక్కోసారి నలుసులు నలుసులుగా లేస్తుంది. అందుకే ఆ రెండూ కలుస్తాయో లేదో నాలుగు రోజుల ముందే దవడ మీద వేసి చూసుకోవాలి.

ఫౌండేషన్‌కు స్పాంజిని తడిపి, గట్టిగా పిండి, అద్దుతూ పోవాలి. రుద్దకూడదు. రుద్దితే గుంట అంచు మీద పూత పోయి లోపల నిండుతుంది, గీత గీసినట్టు కనబడుతుంది. మొదటి పూత చర్మం కనబడేంత పలుచగా ఉండనివ్వండి. ఇంకా మిగిలిన మచ్చల మీద మాత్రం సన్నటి బ్రష్‌తో చుక్క చుక్కగా కన్సీలర్ పెట్టి, కాసేపు ఆరనిచ్చి, అంచులు మాత్రం అద్దండి. మచ్చ బాగా నల్లగా ఉంటే కన్సీలర్ కింద నారింజ రంగు కరెక్టర్ కొంచెం చాలు. అది లేకుండా నేరుగా కప్పితే బూడిద రంగు తేలుతుంది. పౌడర్ నుదుటికి, ముక్కుకు, గడ్డానికి. మెరుపులున్న హైలైటర్ గుంటలున్న బుగ్గ మీదికి అస్సలు రానివ్వొద్దు, మెరుపు ప్రతి గుంతనూ చూపిస్తుంది. మెరుపు కావాలనుకుంటే కంటి మీద పెట్టుకోండి.

మన పెండ్లిళ్లకు ఒక ఇబ్బంది ఉంది, పుస్తకాల్లో రాయరు. ముందు రోజు నలుగులో పట్టించిన పసుపు మర్నాటికీ పోదు. పసుపు మిగిలిన చర్మం మీద ఫౌండేషన్ రంగు తప్పుతుంది, మెడ ఒక రంగు మొగం ఒక రంగు అవుతుంది. మొటిమలున్న పిల్లకు మొగానికి పసుపు లాంఛనంగా తాకించి, మిగతాది చేతులకు కాళ్లకు పెట్టండమ్మా. నిమ్మరసం అసలే కలపకండి. ఇక హోమం పొగ, వైశాఖంలో పెండ్లి అయితే ఎండ, చెమట. చెమట మీద పౌడర్ కొడితే పెచ్చులు కడుతుంది. టిష్యూతో అద్దాలి, అంతే. ఆ టిష్యూలు తోడిపెండ్లికూతురి సంచిలో ఉంచండి.

గుంటలున్నాయని కుంగిపోనక్కరలేదు. నటుడు ఓం పురి మొగం గుర్తుందా? చిన్నప్పుడు పోసిన అమ్మవారి గుంటలతోనే 'అర్ధ్ సత్య' సినిమాలో కెమెరా ముందు అంత దగ్గరగా నిలబడ్డాడు. మన దేశంలో మశూచి చివరి కేసులు 1975లో వచ్చాయి, 1977లో దేశం దాని నుంచి బయటపడ్డట్టు ధ్రువీకరించారు. మా పెద్దవాళ్లలో అలాంటి మొగాలు ఎన్నో. ఆ గుంటలు అమ్మవారివి. ఇప్పటి పిల్లల మొగాల మీద కొన్ని మచ్చలు మాత్రం మనం కొని తెచ్చుకున్నవి, అది నాకు చాలా బాధ.

తెల్లబడాలని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల సంగతి చెప్తున్నా. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి వారాల్లో మొగం నిగనిగలాడుతుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలుచబడుతుంది, ఎర్ర నరాలు తేలుతాయి, మొటిమలు గుంపులుగా వస్తాయి, బుగ్గల మీద వెంట్రుకలు మొలుస్తాయి. ఆపితే మంట. మంటకు తాళలేక మళ్లీ అదే పూస్తారు. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా చీటీ అడగకుండా ఇచ్చే కౌంటర్లు ఇంకా ఉన్నాయి. మీ ఇంట్లో పిల్ల ఆ ట్యూబు వాడుతుంటే తిట్టకండి, ట్యూబు పట్టుకుని పిల్లను చర్మ డాక్టరు దగ్గరికి తీసుకుపొండి. ఒక్కసారిగా మానకుండా ఎలా తగ్గించాలో వాళ్లు చెప్తారు. లోతు గుంటలకు కూడా వైద్యం ఉంది. నెలలు పడుతుంది, కాబట్టి పెండ్లి చూపులప్పుడే మొదలుపెట్టాలి తప్ప శుభలేఖలు పంచేటప్పుడు కాదు.

పెండ్లి రోజు రాత్రి ఎంత అలసినా మేకప్ తీసెయ్యాలి. మొటిమలున్నవాళ్లు కొబ్బరినూనెతో తియ్యొద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి. మేకప్ తీసే క్రీమ్‌తో తీసి, ఫేస్‌వాష్‌తో ఇంకోసారి కడగండి. సత్యనారాయణ వ్రతం నాడు మళ్లీ మొత్తం పూయమని వదినలు పట్టుబడతారు. ఆ రోజుకు సన్‌స్క్రీన్, మచ్చల మీద నాలుగు చుక్కల కన్సీలర్, కంటికి కాటుక చాలు. వదినలకు నేను చెప్పానని చెప్పండి.