పొగపెట్టె చెప్పే అంకెలు

మన ఐటీ జనాలకి ఒక జబ్బుంది. తెర మీద అంకె కనబడితే చాలు, నమ్మేస్తాం. ఈ జబ్బు ఆఫీసులోనే ఉంటే ఫరవాలేదు, పెరట్లోకి కూడా వస్తేనే చిక్కు.

టెక్సస్‌లో కాపురం పెట్టాక ఎప్పుడో ఒకప్పుడు ఇంటికి ఎలక్ట్రిక్ స్మోకర్ వస్తుంది. చిన్న ఫ్రిజ్జంత పెట్టె, అడుగున హీటరు, చెక్కముక్కల పొగ, మాంసంలో గుచ్చడానికో ప్రోబు. అంతే. ఆ ప్రోబు కోడికి 165 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తే వడ్డించొచ్చు. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క కూడా అదే. రంగు చూసి తేల్చుకుందామంటే కుదరదు. పొగలో ఉడికిన కోడి పూర్తిగా ఉడికాక కూడా లోపల గులాబీగా ఉండొచ్చు. అంటే ఆ అంకె తప్ప మనకి వేరే దిక్కు లేదన్నమాట.

మొన్న ఒక మిత్రుడింట్లో విందు. పిల్లా జెల్లా చాలామందే ఉన్నారు. తెర మీద 165 వచ్చింది. అనుమానమొచ్చి వేరే థర్మామీటరు గుచ్చితే 157. మావాడు వెంటనే, "ఎనిమిదేగా తేడా, ఇకనుంచి ఎనిమిది తీసేసి చదువుకుంటే సరి" అన్నాడు. చూశారా, హార్డ్‌కోడ్ చేసిన ప్యాచ్!

కోడిని మళ్ళీ లోపల పెట్టించి, ప్రోబుని మరిగే నీళ్ళలో ముంచాం. 215 చూపించింది, అసలు 212కి దగ్గరే. "బానే ఉందిగా" అన్నాడు. తర్వాత ఐసుముక్కలు నిండా వేసిన నీళ్ళలో పెట్టాం. 32 చూపించాల్సింది, 80 దగ్గర ఆగింది!

కారణం తేలికే. ఇలాంటి ప్రోబుల్లో సాధారణంగా థర్మిస్టర్ ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. కడిగేటప్పుడు తీగ అతుకులోకి నీళ్ళు దూరితే కరెంటుకి ఇంకో దొడ్డిదారి దొరుకుతుంది, మొత్తం నిరోధం తగ్గుతుంది, పెట్టె దాన్ని వేడనుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు అసలు నిరోధం చాలా ఎక్కువ కాబట్టి దొడ్డిదారి ప్రభావం అప్పుడే బాగా కనిపిస్తుంది. అందుకే తేడా అన్నిచోట్లా ఒకటి కాదు, ఎనిమిది తీసేస్తే సరిపోదు. పైగా తప్పు ఎప్పుడూ "ఉడికిపోయింది" వైపే!

ప్రోబుని దోషిని చేసేముందు మరో రెండు చూడండి. మొన ఎముకకి తగలకుండా, బాగా మందంగా ఉన్నచోట గుచ్చారా? పెద్ద మాంసం ముక్క 150, 170 మధ్య గంటల తరబడి కదలకపోతే కంగారు పడకండి. పైన తేమ ఆవిరవుతూ చల్లబరుస్తుంది, మన మట్టికుండలో నీళ్ళలాగే. అది ప్రోబు తప్పు కాదు.

డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్ళో ఉంటే నీళ్ళు 202 దగ్గరే మరుగుతాయి, అదీ గుర్తుంచుకోండి. తడిసిన ప్రోబు ఆరబెడితే ఒక్కోసారి బాగవుతుంది, లేకపోతే మార్చడమే. కడిగేటప్పుడు అతుకు తడవనివ్వకండి.

కొలిచేదాన్ని ఎవరు కొలుస్తున్నారు? సర్వర్ల విషయంలో ఈ ప్రశ్న అడక్కపోతే ఒక రాత్రి నిద్ర పోతుంది. కోడి విషయంలో అడక్కపోతే ఎవరి పిల్లాడో ఆస్పత్రిలో పడుకుంటాడు. గ్లాసుడు ఐసునీళ్ళకి అయిదు నిమిషాలు పట్టదు కదండీ!