రిలీజైన సినిమా, టేపుల్లో మిగిలిన సినిమా

సీక్వెల్‌కి సగం పబ్లిసిటీ పేరే చేసిపెడుతుంది. అదే పేరు సినిమాని ఎలా మార్చిపారేస్తుందో చూడాలంటే 'ది ఎక్సార్సిస్ట్ 3' కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. ఈ సినిమా 1990 ఆగస్టులో అమెరికా థియేటర్లలోకి వచ్చింది. దర్శకుడు మొదట తీసిన రూపానికి దగ్గరగా ఉన్న వెర్షన్ జనం చేతికి రావడానికి మాత్రం 2016 అక్టోబరు దాకా పట్టింది. అంటే 26 ఏళ్ళు! రెండూ వరసగా చూశాను. ఏది మంచిదన్న విషయంలో నా అభిప్రాయం ఈ సినిమా వీరాభిమానులకి నచ్చకపోవచ్చు. (ముగింపుతో సహా అన్నీ చెప్పేస్తున్నాను. ఇంకా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.)

ముందు కొంచెం వెనక కథ. 1973లో వచ్చిన మొదటి 'ఎక్సార్సిస్ట్' సంగతి అందరికీ తెలుసు. దాని నవలా, స్క్రీన్‌ప్లే రెండూ విలియం పీటర్ బ్లాటీవే. ఆ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ కూడా వచ్చింది. 1977లో జాన్ బూర్మన్ తీసిన రెండో భాగంతో బ్లాటీకి సంబంధం లేదు. అది ఎంత ఘోరంగా తన్నిందంటే, థియేటర్లలో జనం నవ్వుతున్నారని తెలిసి రిలీజయ్యాక మళ్ళీ ఎడిటింగ్ చేశారు. ఆ తర్వాత బ్లాటీ 1983లో 'లీజియన్' అని ఇంకో నవల రాశాడు. మొదటి కథలోని పోలీసాయన కిండర్‌మన్ ఇందులో హీరో. ఎప్పుడో చచ్చిపోయిన జెమినీ కిల్లర్ పద్ధతిలోనే మళ్ళీ హత్యలు జరుగుతుంటాయి. ఆధారాలు పట్టుకుని వెళ్తే ఆస్పత్రిలో మానసిక రోగుల వార్డులో ఒకతను కనిపిస్తాడు. చూస్తే మొదటి సినిమా చివర్లో చనిపోయిన ఫాదర్ కారస్‌లా ఉంటాడు!

ఈ నవలని బ్లాటీయే సినిమాగా తీశాడు. కిండర్‌మన్‌గా జార్జ్ సి. స్కాట్, వార్డులో మనిషిగా బ్రాడ్ డూరిఫ్. పేరు కూడా 'లీజియన్' అనే ఉంచాలన్నది ఆయన కోరిక. నిర్మాణ సంస్థ మోర్గన్ క్రీక్ ఒప్పుకోలేదు. 'ఎక్సార్సిస్ట్' అన్న మాట టైటిల్లో ఉండాల్సిందే అంది. రెండో భాగం పరువు తీసిందనీ, ఆ పేరు తగిలిస్తే దాని పాపం దీనికీ చుట్టుకుంటుందనీ బ్లాటీ వాదన. ఆయన మాట చెల్లలేదు. తమాషా చూడండి, కథ ప్రకారం ఇది మొదటిదానికి కొనసాగింపు, రెండోదాన్ని అసలు పట్టించుకోదు. వెర్షన్ నంబరు మాత్రం 3!

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. టైటిల్లో ఎక్సార్సిస్ట్ ఉంది, సినిమాలో దెయ్యం వదిలించే సీను లేదు. బ్లాటీ కథకి ఆ సీను అవసరమే లేదు మరి. ఆయన ముగింపులో కిండర్‌మన్ వార్డుకి వెళ్ళి ఆ మనిషిని తుపాకీతో కాల్చేస్తాడు, అంతే. సంస్థవాళ్ళకి ఇది చాల్లేదు. పెద్ద క్లైమాక్స్ కావాలన్నారు. దాంతో నికోల్ విలియమ్సన్‌ని పెట్టి ఫాదర్ మార్నింగ్ అనే కొత్త పాత్రని సృష్టించారు. మంటలు, మెరుపులు, పాములు, బద్దలయ్యే నేల... అన్నీ వచ్చి చేరాయి. మొదటి సినిమాలో కారస్‌గా వేసిన జేసన్ మిల్లర్‌ని కూడా తీసుకొచ్చారు. డూరిఫ్ తను ఒకసారి చేసేసిన సీన్లని మళ్ళీ చేయాల్సి వచ్చింది. ఒకే మనిషి కారస్‌గా కనిపించినప్పుడు మిల్లర్, హంతకుడిగా మాట్లాడేటప్పుడు ఎక్కువగా డూరిఫ్.

డెలివరీ అయిపోయిందనుకున్నాక "పేరులో ఉన్న ఫీచర్ ప్రోడక్ట్‌లో లేదేంటి?" అని అడిగే క్లయింట్ మనకి కొత్త కాదు కదా. ఫీచర్ అతికించిన చోటు ఎలా కనిపిస్తుందో కూడా మనకి తెలుసు. ఫాదర్ మార్నింగ్ సినిమా మధ్యలో ఒకసారి కనిపించి, చివర్లో ఊడిపడతాడు. మిగతా పాత్రలకి ఆయనెవరో తెలీదు, ఆయన వస్తున్నట్టూ తెలీదు.

థియేటర్లలో మొదటి వారాంతం బాగానే వచ్చింది గానీ తర్వాత నిలబడలేదు. 11 మిలియన్ డాలర్ల బడ్జెట్ సినిమాకి అమెరికాలో మొత్తం వసూళ్ళు 26 మిలియన్ల చిల్లర. దీనికి అభిమానులు పుట్టుకొచ్చింది వీడియో క్యాసెట్లూ డీవీడీల వల్లే. చాలామంది ఒక్క సీను గురించే చెప్పుకునేవాళ్ళు. రాత్రి ఆస్పత్రి కారిడార్, దూరంగా కదలకుండా నిలబడ్డ కెమెరా, డ్యూటీలో ఒక నర్సు. ఎంతసేపటికీ ఏమీ జరగదు. జరగదులే అని మనం కాస్త వదులయ్యేసరికి తెల్లటి ముసుగు వెనకనుంచి వస్తుంది. రక్తం చుక్క చూపించకుండా అంత భయపెట్టిన సీను నేను ఇంకోటి చూడలేదు.

అయితే ఇళ్ళకి చేరిన ఆ క్యాసెట్లలో ఉన్నది కూడా థియేటర్ వెర్షనే. బ్లాటీ మొదటి వెర్షన్ విడుదల చేయమని అభిమానులు ఏళ్ళ తరబడి అడిగారు. తీరా వెతికితే, కోసేసిన సీన్ల అసలు ఫిల్మ్ దొరకలేదు. దొరికింది వీహెచ్ఎస్ టేపులు. షూటింగ్ జరిగేటప్పుడు ఏ రోజు తీసింది ఆ రోజు చూసుకోవడానికి అప్పట్లో టేపు మీదకి ఎక్కించేవాళ్ళు. డైలీస్ అంటారు. పని అయిపోయాక ఎవరూ పట్టించుకోని కాపీలు. స్క్రీమ్ ఫ్యాక్టరీ వాళ్ళు 2016 అక్టోబరులో తెచ్చిన రెండు డిస్కుల బ్లూరేలో రెండో డిస్కు ఇదే. మిగిలిన సినిమా అంతా శుభ్రంగా ఉంటుంది, టేపు నుంచి తీసిన సీను రాగానే రంగులు వెలిసిపోయి, మొహాలు మసకబారిపోతాయి. వీహెచ్ఎస్ అంటే సుమారు 240 లైన్లే కదా మరి! ఎక్కడ ఏమి మార్చారో కనిపెట్టడానికి వేరే పట్టిక అక్కర్లేదు, బొమ్మే చెప్పేస్తుంది.

ఇక నా అభిప్రాయం. ముగింపు విషయంలో బ్లాటీదే కరెక్టు. మతం మీద, బాధ మీద, చావు మీద రెండు గంటలు మాటలతో నడిచిన కథ మంటల్లో ముగియడం అన్యాయం. కానీ డూరిఫ్ నటన దగ్గరకొస్తే నా ఓటు థియేటర్ వెర్షన్‌కే. పాతదాంట్లో చల్లగా, అణుచుకుని మాట్లాడతాడు. మళ్ళీ తీసినదాంట్లో ఆ గొంతు పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఒళ్ళు జలదరిస్తుంది. మిల్లర్ మొహం కనిపించగానే మొదటి సినిమా మొత్తం గుర్తొస్తుంది. ఆ పని డూరిఫ్ ఒక్కడే చేయలేడు. సంస్థ ఒత్తిడి వల్ల క్లైమాక్స్ పాడైంది, నటన బాగుపడింది. రెండూ నిజమే. దర్శకుడి వెర్షన్ ఎప్పుడూ గొప్పదే అనే వాదన ఇక్కడ పూర్తిగా చెల్లదు.

కానీ ఈ మాట అనగలుగుతున్నది రెండూ కళ్ళెదుట ఉన్నాయి కాబట్టే. 26 ఏళ్ళ పాటు ఆ వాదనకి ఒకవైపు సాక్ష్యమే లేదు. ఇదే సంస్థ తర్వాత పాల్ ష్రేడర్‌తో ఈ వరసలోనే ఒక ప్రీక్వెల్ తీయించి, నచ్చక పక్కన పెట్టి, రెన్నీ హార్లిన్‌తో దాదాపు కొత్తగా తీయించి 2004లో వదిలింది. అది ఆడలేదు. ష్రేడర్ ఫిల్మ్ పారేయలేదు కాబట్టి ఆ మరుసటి ఏడాదే, 2005లో, అది కూడా 'డొమినియన్' పేరుతో థియేటర్లకి రాగలిగింది. బ్లాటీకి ఆ అదృష్టం లేదు. డిస్కు వచ్చిన మూడు నెలల లోపే, 2017 జనవరిలో, 89 ఏళ్ళ వయసులో పోయాడు. స్కాట్, మిల్లర్, విలియమ్సన్ అప్పటికే లేరు. ఇంకొన్నేళ్ళు ఆలస్యమైతే, ఇది తన సినిమా అని చెప్పుకోవడానికి దర్శకుడు కూడా ఉండేవాడు కాదు.

చూడాలనుకునేవాళ్ళకి నా సలహా: ముందు థియేటర్ వెర్షన్ చూడండి, కారిడార్ సీను మంచి ప్రింటులో పడాలి. వారం ఆగి రెండోది చూడండి. మసక బొమ్మకి విసుక్కోకండి, ఆ టేపులు కూడా ఎవరో చెత్తబుట్టలో వేసి ఉంటే ఇదీ ఉండేది కాదు.