రెండు దిక్కుల గడియ

గోదావరిఖనిలో మా ఇల్లు మామయ్య సింగరేణిలో పనిచేస్తున్నప్పుడు కట్టుకున్నది. అన్నదమ్ములు వేరుపడిన రోజుల్లో నడిమి దర్వాజను ఇటుకలతో మూసి గిలాబు చేసేశారు. ముందరి రెండు అర్రలు మాకు, వెనుక రెండు మరిది వాళ్లకు. ఇల్లు పంచినట్టే పెద్దవాళ్లనూ పంచారు. మామయ్య మా దగ్గర, అత్తమ్మ వాళ్ల దగ్గర. రాయడానికి ఇబ్బందిగానే ఉంది కానీ, ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదని మీకూ తెలుసు.

మొదట్లో అత్తమ్మ గల్లీ చుట్టూ తిరిగి రోజూ వచ్చేది. మోకాళ్లు అరిగాక రావడం తగ్గింది. వానాకాలంలో బురదకు భయపడి వారం పది రోజులు ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేవాళ్లు కాదు. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. మామయ్య దగ్గితే అవతలికి వినిపించేది. "రాత్రి దగ్గు ఎక్కువైనట్టుంది, మందు తాగిండా?" అని అత్తమ్మ పొద్దున్నే నాకు ఫోన్ చేసేది.

దర్వాజ తెరుద్దామంటే మా ఆయన, "మళ్లీ లొల్లి మొదలైతది" అన్నాడు. మామయ్య అప్పటిదాకా ఏమీ అనలేదు. ఆ రోజు మాత్రం, "గనిలో బొగ్గు తీసిన జాగను గోడ కట్టి ఎందుకు మూస్తరు? గాలి తగిలితే మిగిలిన బొగ్గు దానంతటదే వేడెక్కి అంటుకుంటది. ఇక్కడ ఏం అంటుకుంటదని మూసిండ్రు?" అన్నాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు.

నా తోడికోడలి భయం వేరు. "తెరవాలనే ఉంది అక్కా, కానీ నా వంటింట్లోకి ఎవరు ఎప్పుడొస్తరో అన్నట్టు ఉండొద్దు" అంది. న్యాయమైన మాటే. అందుకే తలుపుకు రెండు దిక్కులా గడియలు పెట్టించాలనుకున్నాం.

మీరెవరైనా ఇలాంటి పని పెట్టుకుంటే ముందు ఒకటి చూసుకోండి. పాత దర్వాజ మీద లింటల్ అలాగే ఉంటే పైగోడ బరువు అదే మోస్తుంది, కింద పూడ్చిన ఇటుకలు తీసేయొచ్చు. మా మేస్త్రీ గిలాబు గీకి, లింటల్ గట్టిగా ఉందని చూశాకే సుత్తె పట్టాడు. కరెంటు వైర్లు చూసుకుని, పైనుంచి ఒక్కో వరుసా తీసుకుంటూ దిగాడు. లింటల్ లేని గోడకు కొత్తగా దారి కొట్టడం వేరే పని, దానికి ముందు పైన ఆసరా పెట్టాల్సిందే.

వాళ్ల వైపు టైల్స్ వేయడంతో నేల రెండంగుళాలు ఎత్తయింది. అత్తమ్మ కాలు తగలకుండా గడప మానేసి వాలు చేయించాం. "గడప లేని దర్వాజ ఏందే!" అని ఆమె రెండు రోజులు గొణిగింది.

వంటలు ఇప్పటికీ వేరే. పిల్లల దగ్గరో నీళ్ల దగ్గరో మాటా మాటా వస్తూనే ఉంటుంది. రెండుసార్లు అటు గడియ పడింది, ఒకసారి ఇటు పడింది. రాత్రి తొమ్మిదికి మాత్రం అత్తమ్మ కర్ర పట్టుకుని మామయ్యకు మందు పోయడానికి వస్తుంది. ఆ వేళకు ఎవరి వైపు గడియ వాళ్లం తీసే ఉంచుతాం.