వీసా వేరు, స్టేటస్ వేరు

నిన్న సాయంత్రం నాగోల్ మెట్రో స్టేషన్ దగ్గర టీ తాగుతుంటే మా పాత విద్యార్థి ఒకడు ఫైలు పట్టుకుని వచ్చాడు. అమెరికాలో ఎంఎస్‌కి ఎఫ్-1 వీసా వచ్చింది. వాళ్లమ్మ వాడంతా మిఠాయి పంచిందట.

"ఐదేండ్లకు స్టాంపింగ్ అయింది సార్. అప్పటిదాంక ఢోకా లేదు కదా?"

"ఎవరు చెప్పిన్రు తమ్మీ?"

"దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీల చెప్పిన్రు."

నేను చదివింది తెలుగు సాహిత్యం. పిల్లల కోసం ఐ-20లు చదవడం కూడా నేర్చుకున్నాను. వీసా గుమ్మం దాకా తీసుకెళ్తుంది. లోపల ఉండనిచ్చేది స్టేటస్. అక్కడున్నప్పుడు వీసా గడువు తీరినా, స్టేటస్ సరిగ్గా ఉంటే చదువుకోవచ్చు. వీసాకు ఇంకా నాలుగేళ్లున్నా, స్టేటస్ పోతే ఉండే హక్కు పోతుంది. దాని లెక్కంతా సెవిస్ అనే కంప్యూటర్ రికార్డులో ఉంటుంది. సెమిస్టర్‌కి పూర్తి కోర్సులు తీసుకోవాలి. ఐ-20 తేదీ దాటకముందే పొడిగించుకోవాలి. ఇల్లు మారితే 10 రోజుల్లో చెప్పాలి. క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో పని వారానికి 20 గంటలు మించకూడదు. అనుమతి లేకుండా బయట ఒక్క గంట కూడా చేయకూడదు.

"గ్యాస్ స్టేషన్ల క్యాష్ ఇస్తరట సార్, అందరు చేస్తరట" అన్నాడు.

తిట్టబుద్ధి కాలేదు. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ విద్యార్థికి 20 లక్షల దాకా ఇస్తుంది. కానీ ఆ డబ్బు విడతల్లో వస్తుంది. రూము అద్దె నెలనెలా కట్టాలి. విడత ఆలస్యమైతే అమ్మడానికి వాళ్ల నాన్నకు గుంట భూమి లేదు.

అమెరికాలో బాబాయో మేనమామో ఉన్న ఇళ్లలో పిల్లలు ఈ నియమాలన్నీ అన్నం తింటూ వింటారు. మన పిల్లలు డబ్బు పెట్టి కొనుక్కోవాలి. కొన్న సలహా కల్తీదైతే శిక్ష కొన్నవాడికే. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుందా? అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే నడిపిన నకిలీ యూనివర్సిటీ. క్లాసుల్లేవు, పాఠం చెప్పేవాళ్లు లేరు. 2019 జనవరి చివర మొదట పట్టుకున్నప్పుడే 129 మంది భారతీయ విద్యార్థులు దొరికారు. అందులో తెలుగు పిల్లలు చాలామంది. తెలిసే చేరారని ప్రభుత్వం అంది. మోసపోయామని పిల్లలన్నారు.

1917లో బరోడా స్కాలర్‌షిప్ గడువు తీరి బాబాసాహెబ్ లండన్ చదువును మధ్యలో ఆపాల్సి వచ్చింది. అయినా ఊరికే వచ్చేయలేదు. నాలుగేళ్లలోపు తిరిగొచ్చి కొనసాగించేలా యూనివర్సిటీ అనుమతి సంపాదించారు. 1920లో మళ్లీ వెళ్లి పూర్తిచేశారు. ఈ కథను మనం పట్టుదలకు ఉదాహరణగా చెప్పుకుంటాం. ఆపేముందే అడిగి అనుమతి పెట్టుకున్న జాగ్రత్తను మాత్రం చెప్పుకోం.

అందుకే వాడి ఫైలు వెనక ఇలా రాసిచ్చాను: కోర్సు వదిలేముందు, పని ఒప్పుకునేముందు, డబ్బు అయిపోతున్నప్పుడు మొదట డీఎస్‌ఓని అడుగు. విదేశీ విద్యార్థుల సంగతి చూసే యూనివర్సిటీ అధికారి ఆయన. ఒక విద్యా సంవత్సరం గడిచాక, అనుకోని ఆర్థిక కష్టం వస్తే బయట పని చేయడానికి అనుమతి కోరే దారి కూడా చట్టంలో ఉంది. అనుమతి చేతికొచ్చాకే పనిలో చేరు.

వాడు రెండుసార్లు చదువుకున్నాడు.

"డీఎస్‌ఓ అంటే మన ప్రిన్సిపల్ లెక్కనా సార్? అడిగితే కోపం చెయ్యరా?"

బడిలో మొదటి రోజు నుంచి వీడికి మనం నేర్పింది ఈ భయమే. ఇరవై లక్షలతో పాటు ఇది కూడా విమానం ఎక్కుతోంది.

"చెయ్యరు తమ్మీ. అడుగు. అది నీ హక్కు" అన్నాను.

విదేశాలకు పోతున్న మన పిల్లలు మీకెవరైనా తెలిస్తే, ఈ ఒక్క మాట వాళ్ల చెవిన వేయండి.

జై భీమ్.