పాలారు తీరాన తోలుపని తొలిపాఠాలు

కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టిన పాలారు, మన చిత్తూరు జిల్లా కుప్పం సీమను కొద్ది దూరం తడిపి, వాణియంబాడి ఎగువన తమిళనాట ప్రవేశిస్తుంది. పేరుకు నది గాని, సంవత్సరంలో అధిక కాలం అందులో కనిపించేది ఇసుకే. ఆ ఇసుక తీరాన వాణియంబాడి, ఆంబూరు, మేల్విషారం, రాణిపేట పట్టణాలు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. నాలుగింటికీ పేరు తెచ్చిన వృత్తి ఒక్కటే: తోలు.

ప్రతి బక్రీదుకూ ఊరివారు తమ కుర్బానీ తోళ్ళను పేద విద్యార్థుల నిమిత్తం మదరసాలకు అప్పగించడం మన ప్రాంతాలన్నింటా ఉన్న ఆనవాయితీయే. ఒకప్పుడు వాటి వెలతో మా మదరసాలో కొన్ని నెలల భోజన వ్యయం గడిచేది. ఇప్పుడు మేకతోలుకు వచ్చే సొమ్ము దానిని మోసుకొచ్చిన ఆటో కిరాయికైనా చాలడం లేదు. కొన్ని ఊళ్ళలో కొనేవారు లేక గోతులు తీసి పూడ్చిపెడుతున్నారు. అల్లాహ్ పేరు స్మరించి జిబహ్ చేసిన పశువులో ఒక భాగం ఇలా మట్టిపాలు కావడం మాకు మింగుడుపడలేదు. ఈ తోలు ఎక్కడికి చేరుతుంది, వస్తువుగా ఎలా మారుతుంది, ఆ పనిలో కొంతైనా మా చేతులతో నేర్వగలమా అన్న ప్రశ్నలతో గత షాబాన్ సెలవులలో ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకొని బయలుదేరాము.

విజయవాడ నుండి చెన్నై సెంట్రల్ చేరి, అక్కడ బెంగుళూరు వైపు వెళ్ళే రైలు ఎక్కితే, కాట్పాడి దాటిన తరువాత ఆంబూరు, దాని వెనుక వాణియంబాడి వస్తాయి. వీధిలో తమిళం, ఇంటిలో ఉర్దూ వినిపించే పట్టణాలివి. ఆంబూరు అనగానే మనవారికి బిర్యానీ గుర్తుకు వస్తుంది. సీరగ సంబా అనే సన్నని బియ్యంతో వండి, వంకాయ కూర జతచేసి వడ్డిస్తారు. హైదరాబాదువారు దీనిని బిర్యానీగా అంగీకరించరేమో గాని, మా విద్యార్థులు మాత్రం మూడవసారి అడిగి వడ్డించుకున్నారు.

ఆంబూరుకు సమీపంలోనే ఉమరాబాదు ఉంది. అక్కడి జామియా దారుస్సలాంను 1924లో స్థాపించిన కాకా ముహమ్మద్ ఉమర్ సాహెబ్ తోళ్ళ వర్తకులు. ఆ ఊరికి వారి పేరే నిలిచింది. మన తెలుగు జిల్లాల పిల్లలు నేటికీ అక్కడ చదువుకుంటున్నారు. వాణియంబాడిలో 1919లో ఆరంభమైన ఇస్లామియా కళాశాల వెనుక కూడా తోళ్ళ వ్యాపారుల ధనముంది. ఉమరాబాదులో చదువుకుంటున్న మా పూర్వ విద్యార్థి ఒకరు చొరవ తీసుకొని ఒక చిన్న టానరీ చూసేందుకు ఏర్పాటు చేశారు.

టానరీలో మొదట ఎదురయ్యేది దుర్గంధం. మర్యాదకు జేబురుమాలు తీయలేక ఇబ్బంది పడుతున్న మా విద్యార్థులను చూసి యజమాని నవ్వి, "పావుగంట ఓపిక పట్టండి, ముక్కే సర్దుకుంటుంది" అన్నారు. పచ్చితోలు తడిగా ఉంటే కుళ్ళుతుంది, ఎండితే చెక్కలా బిగుసుకుపోతుంది. ఈ రెండూ జరగకుండా దాని స్వభావాన్నే మార్చడాన్ని పదును చేయడం అంటారు. ఉప్పు వేసి వచ్చిన తోళ్ళను ముందు నీళ్ళలో నానవేస్తారు. సున్నపు నీటిలో ఉంచితే వెంట్రుకలు వదులవుతాయి. లోపలివైపు అంటిన మాంసాన్ని, కొవ్వును గీకివేసి, సున్నాన్ని కడిగిన పిమ్మట అసలు పదును మొదలవుతుంది.

ఆ పదునుకు ఇప్పుడు రెండు దారులున్నాయి. క్రోమియం లవణాలు కలిపిన నీటితో పెద్ద పీపాలలో తిప్పితే ఒక్కరోజులోనే తోలు సిద్ధమవుతుంది. అప్పుడది లేత నీలిరంగులో ఉంటుంది. రెండవది చెట్టు చెక్కలతో చేసే పాత పద్ధతి. మన పల్లెల్లో లంద అనే మాట పెద్దలకు తెలిసే ఉంటుంది. తంగేడు చెక్క, కరక్కాయ నానిన లందలో తోళ్ళను వారాల తరబడి ఊరవేసేవారు. బతుకమ్మకు తలమానికమైన, తెలంగాణ రాష్ట్ర పుష్పమైన ఆ తంగేడే ఇది. మద్రాసు రేవు నుండి ఓడలకెక్కిన ఈ తోలుకు విదేశాలలో ఈస్ట్ ఇండియా తోలు అన్న పేరు స్థిరపడింది. దానికి నేడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఒక మాట ఇక్కడ చెప్పక తప్పదు. మన పల్లెలలో లంద పని చేసిన మాదిగ కుటుంబాలకు సమాజం ఇచ్చినది అంటరానితనం. చెప్పు తొడిగిన కాలు గౌరవనీయమై, దానిని కుట్టిన చేయి దూరంగా ఉంచదగినదైంది. పాలారు తీరాన కూడా గద్దెమీద కూర్చున్నది మన వర్తకులైతే, లందలలో దిగి పనిచేసినవారిలో అధికులు దళితులు. సరదాకు తోలుపని నేర్వదలచినవారు ఈ సంగతి తెలుసుకొని ఉలి పట్టడం మంచిది. శతాబ్దాల తరబడి ఇతరులు అవమానాల నడుమ కాపాడిన విద్య ఇది.

యజమాని ఒక మేకతోలును వెలుగుకు ఎదురుగా పట్టి చూపారు. నడుము భాగంలో మూడు గాట్లు, వాటి గుండా వెలుతురు. "ఇవి మేకకు బ్రతికుండగా తగిలిన గాయాలు కావు, పండుగనాడు తొందరపడిన కత్తి చేసినవి" అన్నారు. పక్కనున్న మరొక తోలును చేతితో రుద్దగానే వెంట్రుకలు కుచ్చులుగా ఊడివచ్చాయి. ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి రోజంతా ఎండలో ఉంచినందున అది కుళ్ళడం మొదలుపెట్టింది. బక్రీదు తోళ్ళలో ఎంతో భాగం టానరీ గడప తొక్కకముందే ఇలా విలువ కోల్పోతుందట. పొట్ట వెంట, కాళ్ళ వెంట తొలి కోత కోసిన తరువాత కత్తి పక్కనబెట్టి పిడికిలితో నెట్టుతూ తోలు వలవాలి. నీడలో వెంట్రుకలవైపు కిందికి ఉండేలా పరచి, మూడు నాలుగు గంటలలోపే లోపలివైపు అంతటా ఉప్పు పట్టించాలి. తోలు బరువులో మూడవ వంతు మొదలు సగం దాకా ఉప్పు పడుతుంది. వెల పడిపోవడానికి కృత్రిమ తోలు, ఎగుమతుల ఒడుదొడుకులు కారణాలని వారు చెప్పారు. అవి మన చేతిలో లేనివి. ఉప్పు మన చేతిలో ఉన్నది.

బయటికి వచ్చి నది వైపు నడిచాము. టానరీల మురుగు దశాబ్దాల పాటు పాలారులో, పొలాలలో, బావులలో కలిసింది. వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు, కలుషితం చేసినవారే ఆ నష్టాన్ని భరించాలన్న సూత్రం మన చట్టంలో భాగమేనని ప్రకటించి, ఒక్కొక్క టానరీకి 10,000 రూపాయల జరిమానా విధించింది. ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వచ్చాయి. అయినా కథ ముగియలేదు. 2025 జనవరిలో అదే న్యాయస్థానం పాలారు కాలుష్యంపై మరల తీర్పు చెప్పవలసి వచ్చింది. ఈ తీరాన తోళ్ళ సొమ్ముతో లేచిన విద్యాలయాల మేలు మేము కళ్ళారా చూశాము. అయినప్పటికీ మదరసాకిచ్చిన విరాళం పొరుగువాని బావి హక్కును తీర్చజాలదు. తోటి మానవుల హక్కులను గూర్చి తరగతిలో బోధించే మాకు ఆ ఇసుక ఒడ్డున ఇది మరింత స్పష్టమైంది. కనుక ఇంటివద్ద రసాయనాలతో తోలు పదును చేయాలన్న ఆలోచన అభిరుచిగా నేర్చేవారు మానుకోవాలి. సిద్ధమైన తోలునే కొనాలి, కొనేటప్పుడు అది ఎక్కడ, ఎలా తయారైందో అడగాలి.

కొందరికి శుద్ధత విషయంలో సందేహముంటుంది. పదును చేయడాన్ని ఫిఖహ్‌లో దిబాగత్ అంటారు. దాని వలన తోలు పవిత్రమవుతుందన్నది అధిక సంఖ్యాక ధర్మవేత్తల అభిప్రాయం. పంది తోలు దీనికి మినహాయింపు. కుర్బానీ తోలును ఇంటివారు తమ వాడకానికే జానమాజ్‌గానో, సంచిగానో చేసుకోవచ్చు. కసాయికి కూలి కింద ఇవ్వరాదు. అమ్మితే ఆ సొమ్ము పేదలదేనని హనఫీ గ్రంథాలు చెబుతాయి.

తిరుగు ప్రయాణంలో చెన్నైలో రెండు రోజులు ఆగాము. సెంట్రల్ స్టేషన్ నుండి నడిచి వెళ్ళదగిన దూరంలోనే పెరియమేడు ఉంది. సైడెన్‌హామ్స్ రోడ్డులో, దాని పక్కసందులలో చుట్టచుట్టిన తోళ్ళు, బకిల్సు, దారాలు, జిగురు డబ్బాలు అమ్మే అంగళ్ళు వరుసగా ఉంటాయి. అక్కడ ఒక ఇరుకు గదిలో డెబ్బై దాటిన ఒక పనివారు సంచులు కుడుతున్నారు. మేము సలాం చేసి, "చాచా, మాకు ఈ పని మొదటి నుండి నేర్పగలరా?" అని అడిగాము. "హజ్రత్, మీరు పిల్లలకు అలిఫ్ ఎన్ని రోజులు దిద్దిస్తారు?" అని వారు ఎదురు ప్రశ్న వేశారు. ఆ రెండు రోజులూ మా చేత గీతలే కోయించారు.

ముందు తోలును చూడడం నేర్పారు. చెక్కతో పదునైన తోలు కోసిన అంచున లోపలిదాకా గోధుమరంగులో ఉంటుంది. క్రోమియం తోలు నడుమ తరచుగా నీలిబూడిద చార కనిపిస్తుంది. మొదటిదానిపై నీటిచుక్క వేస్తే ముదురురంగుకు మారి, గోటితో నొక్కిన గుర్తు నిలుస్తుంది. నేర్చుకునేవారికి ఇదే తగినది. రెండవది మెత్తగా జారిపోతూ అంచు నిలవనీయదు. వీపు భాగం గట్టిది, పొట్ట భాగం సాగుతుంది. పర్సు వంటివాటికి మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మందం చాలును; బెల్టుకు మూడు నాలుగు కావాలి. పూర్తి తోలు కొనవద్దని, మిగులు ముక్కలు తూకానికి దొరుకుతాయని వారే చెప్పి ఒక అంగడికి పంపారు.

పనిముట్లు కొద్దివే. తోలు కోసే రంపె, ఉక్కు స్కేలు, ఆరె, సమదూరంలో రంధ్రాలు వేసే పళ్ళ ఉలి, చెక్క సుత్తి, మొన మొండిగా ఉన్న రెండు సూదులు, మైనం పట్టించిన దారం. ఇనుప సుత్తి ఉలి తలను పాడుచేస్తుంది. అన్నీ కలిపి మాకు రెండువేల రూపాయల లోపే అయ్యాయి. రంపె మొద్దుబారితే చేయి బలం ఉపయోగిస్తుంది, అప్పుడే వేలు తెగుతుంది. కాబట్టి సానరాయి మరువరాదు.

కుట్టు సంగతి కొంత వివరంగా చెప్పాలి. కుట్టవలసిన పొడవుకు నాలుగు రెట్లు దారం తీసుకొని రెండు కొసలకూ సూదులు ఎక్కించాలి. ప్రతి రంధ్రంలోనూ ఒక సూది ఇటు నుండి, మరొకటి అటు నుండి దూరి వెళ్ళాలి. రెండు దారాలనూ సమానంగా లాగాలి. మిషను కుట్టులో పైదారం, కిందిదారం ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి గనుక ఒకటి తెగితే వరుసంతా వదులవుతుంది. ఈ కుట్టులో ఒక దారం తెగినా రెండవది వరుసను పట్టి ఉంచుతుంది. ఎప్పుడూ ఒకే సూదిని ముందు దూర్చాలి. క్రమం తప్పితే కుట్లు వంకరగా కనిపిస్తాయి. చాచా కళ్ళు మూసుకొని కూడా ఆ క్రమం తప్పలేదు.

ఇంటికి వచ్చిన నాటి నుండి గురువారం అస్ర్ తరువాత అయిదారుగురు విద్యార్థులు మా వరండాలో కూర్చుంటున్నారు. మొదట పుస్తకంలో పెట్టుకునే గుర్తుపట్టీ, తరువాత తాళంచెవుల తిత్తి, ఆ పిమ్మట ఖుర్ఆన్ ప్రతికి జుజ్‌దాన్. జుజ్‌దాన్‌కు ముందుగా దళసరి కాగితంతో నమూనా కోయాలి. గ్రంథాన్ని మూసి ఉంచి దానిచుట్టూ కాగితం చుట్టి కొలవాలి. తెరిచి పరచి కొలిస్తే మూసేటప్పుడు తోలు చాలదు. కుట్టు పూర్తయ్యాక అంచులను కొద్దిగా తడిపి నున్నని కర్రతో రుద్ది తేనెమైనం పట్టిస్తే గాజులా మెరుస్తాయి. వెనుకటి తరం కిర్రుచెప్పులకు పట్టించినట్లే ఆముదం ఒకటి రెండు చుక్కలు గుడ్డతో అద్దితే తోలు పగలదు.

ఇది మగపిల్లల పని మాత్రమేనని ఎవరైనా అంటే, విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) స్వయంగా తోళ్ళు పదును చేసి, కుట్టి, ఆ సంపాదనను దానం చేసేవారని వారికి గుర్తుచేయండి. ఈ మాట విన్న మా ఇంటివారు రెండవ సూది తమ చేతికి తీసుకున్నారు. ప్రస్తుతం మా వరండాలో అందరికన్నా సమంగా వచ్చే కుట్టు వారిదే. మా రెండవ తరగతి పిల్లవాడు ఒకడు తన తిత్తిని వారి తిత్తి పక్కన పెట్టి చూసుకొని, మాట్లాడకుండా దారం విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు.