గాలి ఒప్పుకుంటేనే బాణం

ముందు ఎల్క్ అంటే ఏంటో చెప్పేస్తాను. మన నల్లమలలో తిరిగే కణుజు ఉంది కదా, దానికి చుట్టం. మగది 300 కిలోల పైనే తూగుతుంది. చెట్టుకొమ్మల్లాంటి ఆ కొమ్ములు ఏటా రాలిపోయి, మళ్లీ ఏటా మొలుస్తాయి. ఇంత జంతువు సెప్టెంబరు వచ్చేసరికి జోడు కోసం అరవడం మొదలుపెడుతుంది. వింటే జంతువు అరుపు అనుకోరు. ఎవరో కొండ మీద కూర్చుని పిల్లనగ్రోవి పగిలిపోయేలా ఊదుతున్నారేమో అనిపిస్తుంది.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఈ ఎల్క్‌లు సుమారు మూడు లక్షలు. ప్రపంచంలో ఇంకెక్కడా ఒకేచోట ఇన్ని లేవు. సెప్టెంబరు 2 నుంచి నెలాఖరు దాకా అక్కడ విల్లుతో వేటాడే సీజన్. రైఫిళ్ల వంతు అక్టోబరులో.

నేను వేటగాణ్ని కాదు. సొంతూరు మార్కాపురం, ఉద్యోగం డెన్వర్‌లో. మా పొరుగింటాయన ప్లంబరు, అరవై దాటాయి. ఏటా లైసెన్సు తీసుకుని విల్లుతో వెళ్తాడు. ఈసారి మోకాలు సహకరించట్లేదు, మాంసం మోయడానికి తోడు రమ్మన్నాడు. రెండే షరతులు పెట్టాడు. ఒంటి మీద సెంటు, సబ్బు వాసన రాకూడదు. నోరు తెరవకూడదు. చెంచుల చేతుల్లో విల్లు చూసి పెరిగినవాణ్ని కాబట్టి సరే అన్నాను.

తల నరికిన కొండలు

డెన్వర్ నుంచి పడమరగా నాలుగు గంటలు డ్రైవ్ చేస్తే మీకర్ అనే చిన్న ఊరు. అక్కడి నుంచి వైట్ రివర్ వెంట పైకి వెళ్లాలి. చివర్లో తారురోడ్డు పోయి కంకర రోడ్డు వస్తుంది. ఫ్లాట్ టాప్స్ అంటే పేరుకి తగ్గట్టే పైన బల్లపరుపుగా ఉండే కొండలు, ఎవరో కత్తితో తల నరికేసినట్టు. పదివేల అడుగుల ఎత్తులో నాలుగడుగులు వేస్తే చాలు, ఊపిరి లెక్కపెట్టుకోవాలి.

ఇది యూట్ తెగవాళ్లు తరతరాలుగా వేటాడిన నేల. 1880ల మొదట్లో వాళ్లని ఇక్కడి నుంచి యూటాకి తరిమేశారు. 1919లో ట్రాపర్స్ లేక్ చుట్టూ విల్లాలు కట్టడానికి సర్వే చేయమని ఆర్థర్ కార్‌హార్ట్ అనే ఉద్యోగిని ప్రభుత్వం పంపితే, ఆయన చూసి వచ్చి ఏమీ కట్టొద్దని రిపోర్టు ఇచ్చాడు. ఇప్పుడు ఆ అడవి లోపలికి మోటారు బండి కాదు కదా, సైకిలు కూడా పోనివ్వరు. నడవాలి, లేదంటే గుర్రం. అందుకే పొరుగింటాయన రూలు ఒక్కటే: వీపు మీద మోసుకురాగలిగినంత దూరమే వేట.

పౌడరు సీసా

ఆయన దగ్గరున్నది కాంపౌండ్ విల్లు. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు కొట్టింది చూడండి, ఆ రకమే. రెండు చివర్లా కప్పీల్లాంటి చక్రాలుంటాయి. లాగేటప్పుడు 60 పౌండ్ల బరువు. పూర్తిగా లాగాక అందులో ఐదో వంతు భారమే చేతి మీద ఉంటుంది. సురేఖ 50 మీటర్ల నుంచి గురి చూస్తుంది. ఈయన 35 మీటర్లు దాటితే వదలనంటాడు. పోటీలో గురి తప్పితే పాయింటు పోతుంది. ఇక్కడ తప్పితే జంతువు నరకం చూస్తుంది.

కానీ మూడు రోజులూ ఆయన విల్లు కంటే ఎక్కువగా వాడింది జేబులోని చిన్న పౌడరు సీసాని. పది నిమిషాలకోసారి నొక్కుతాడు, తెల్లటి పొగలా పౌడరు ఎటు పోతుందో చూస్తాడు. కొండల్లో గాలికి టైమ్‌టేబుల్ ఉంది. తెల్లారకముందు చల్లగాలి నీళ్లలాగా లోయలోకి జారుతుంది. ఎండెక్కాక వేడెక్కి పైకి లేస్తుంది. సాయంత్రం నీడ పడగానే మళ్లీ కిందికి. కళ్లు మోసపోవచ్చు, చెవులు మోసపోవచ్చు, ఎల్క్ ముక్కు మాత్రం మోసపోదు. మన వాసన ఒక్కసారి తగిలిందా, ఆ రోజుకి ఇక అంతే.

సీజన్ మొదట్లో అరుపులు తక్కువ. పగలు ఎండ గట్టిగా ఉంటుంది కాబట్టి మగవి బురదగుంటల్లో పొర్లడానికి వస్తాయి. అలాంటి గుంట ఒకటి దొరికింది. పశువుల కొట్టం వాసన, అంచున తాజా గిట్టల ముద్రలు. గాలికి ఎదురుగా, పడిపోయిన స్ప్రూస్ మాను వెనక కూర్చున్నాం.

మూడో రోజు సాయంత్రం వచ్చింది. చప్పుడే లేదు. చెట్ల మధ్య కొమ్ములు కదిలాయి, అంతే. ముప్పై మీటర్లు. పొరుగింటాయన విల్లు లాగాడు. అది మాకేసి తిరిగి నిలబడింది. నా గుండె చప్పుడు దానికి వినపడుతుందేమోనని భయం. అలా ఒక నిమిషం. ఆయన భుజం వణకడం నాకు కనిపిస్తోంది. తర్వాత నెమ్మదిగా, బాణం వదలకుండానే, తాడుని దించేశాడు. ఇంతలో నీడ పడి గాలి తిరిగింది. నా మెడ వెనక చల్లగా తగిలింది. మరుక్షణం గుంట దగ్గర ఎవరూ లేరు.

ఎందుకు వదల్లేదని టెంటుకి వచ్చాక అడిగాను. "బాణం తూటా కాదు. దెబ్బకి కూల్చదు, రక్తం పోయి చావాలి. ఊపిరితిత్తుల్లోకి పక్క నుంచే దిగాలి. ఎదురుగా కొడితే ఎముకకి తగలొచ్చు. గాయంతో చీకట్లో పారిపోయిందనుకో, పొద్దున్న దొరికినా మాంసం పాడైపోయి ఉంటుంది. దాని ప్రాణం పోయె, మా ఇంట్లో తిండీ లేకపోయె" అన్నాడు. వాళ్లింట్లో చలికాలమంతా ఫ్రీజర్‌లో ఉండేది ఈ మాంసమే.

ఎండతో పందెం

నాలుగో రోజు పొద్దున్న ఏడింటికి ఒక ఆడ ఎల్క్ పక్కకి తిరిగి, పాతిక మీటర్ల దూరంలో నిలబడింది. ఆయన లైసెన్సు మీద ఆడదైనా ఫర్వాలేదు. బాణం చప్పుడు ఇంత చిన్నదా అనిపించింది. అది పరుగెత్తింది. మేం కదల్లేదు. అరగంట ఆగాలి, తొందరపడి వెంటపడితే ఇంకా దూరం పోతుందట. ఆ అరగంటలో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు, నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

వంద మీటర్ల లోపే పడి ఉంది. కొరమీను తప్ప దేన్నీ చంపి ఎరగనివాణ్ని. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆయన దాని మెడ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉన్నాడు.

తర్వాత అసలు పని. ఎండెక్కేలోపు తోలు తీసి, నాలుగు కాళ్లూ విడదీసి, గుడ్డ సంచుల్లో కట్టి, నీడలో గాలి తగిలేలా వేలాడదీయాలి. తొడ ఎముక చుట్టూ వేడి నిలిచిపోతే లోపల్నుంచి చెడిపోతుంది. తినదగ్గ మాంసాన్ని వదిలేసి రావడం అక్కడ నేరం. ఒక్కో వెనక కాలు పాతిక కిలోలు. కారు దాకా ఐదు కిలోమీటర్లు, ఇద్దరం రెండేసి సార్లు. రెండోసారి దిగేటప్పటికి ఆయన మోకాలు వాచిపోయింది, నా భుజాలు కమిలిపోయాయి. ప్యాకెట్‌లో కొనుక్కునే కిలో మాంసం వెనక ఇంత బరువుంటుందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

"మన దగ్గర ఇలా చేస్తే జైలే కదా" అంటారు. నిజమే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, ఉండాలి కూడా. అక్కడి కథ వేరు. 1910 ప్రాంతానికి విచ్చలవిడి వేటతో కొలరాడోలో ఎల్క్‌లు వెయ్యి లోపుకి పడిపోయాయి. వేట ఆపి, వయోమింగ్ నుంచి తెచ్చి వదిలారు. 1937 నుంచి తుపాకులు, తూటాల మీద, తర్వాత విల్లు, బాణాల మీద కూడా ప్రత్యేక పన్ను వేసి ఆ డబ్బుని వన్యప్రాణుల సంరక్షణకే ఖర్చుపెడుతున్నారు. ఎన్ని లైసెన్సులివ్వాలో మందల లెక్క చూసి నిర్ణయిస్తారు.

వేట జోలికి పోకుండా ఆ అరుపు వినాలనుకుంటే డెన్వర్ నుంచి గంటన్నర దూరంలో ఎస్టెస్ పార్క్ ఉంది. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మొదటి వారం దాకా, సాయంత్రం పూట వెళ్లండి. ఎల్క్‌లు ఊళ్లోకే వచ్చేస్తాయి, గోల్ఫ్ మైదానంలో గడ్డి మేస్తూ కనిపిస్తాయి. పక్కనే ఉన్న రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో వాటికి 75 అడుగుల దూరం పాటించాలనేది రూలు. సెల్ఫీ కోసం ఇంకా దగ్గరికి వెళ్లకండి. జోడు కోసం తిరిగే మగది ఆ నెలలో ఎవరి మాటా వినదు.