దూకేవాడే వీరుడా?

కార్టూన్లంటే కొట్టుకోవడాలు, పేలుళ్ళు, కీచుమనే అరుపులు తప్ప మరేమీ ఉండవని మనలో చాలామందికి గట్టి నమ్మకం. పిల్లలు టీవీ ముందు కూర్చుంటే పప్పు తాలింపు వేసుకునేపాటి తీరిక దొరుకుతుంది గనుక కాసేపు చూడనిస్తాం. ఆనక "కళ్ళు పోతాయిరా" అని కేకలేస్తాం. కానీ ఒక్కోసారి వాళ్ళ పక్కన కూర్చుని చూస్తే, పిల్లలకి ఎలా చెప్పాలో తెలియక మనం దాటేసే మాట ఒకటి అందులో దొరుకుతుందండీ.

మా మనవడికి ఏడేళ్ళు. వాడు ప్రాణం పెట్టి చూసేది 'రెస్క్యూ బాట్స్', దాని తరువాత వచ్చిన 'రెస్క్యూ బాట్స్ అకాడమీ'. మొదటిది అమెరికాలో 2016లో ముగిసింది. రెండోది 2019లో మొదలై 2021లో పూర్తయింది. పాతవైనా పిల్లలకేం, చూసిందే చూస్తారు! మొదటిదాని కథ ఎక్కువగా అమెరికాలోని మెయిన్ తీరానికి దగ్గర గ్రిఫిన్ రాక్ అనే కల్పిత దీవిలో జరుగుతుంది. వేరే గ్రహం నుంచి వచ్చిన నాలుగు రోబోలు అక్కడ మనుషులతో కలిసి ఆపదలో ఉన్నవాళ్ళని కాపాడుతూ ఉంటాయి. హీట్‌వేవ్ ఫైరింజను, చేజ్ పోలీసు కారు, బౌల్డర్ బుల్‌డోజరు, బ్లేడ్స్ హెలికాప్టరు. ఈ బ్లేడ్స్‌కి ఎత్తంటే చచ్చేంత భయం! హెలికాప్టరుకి ఎత్తంటే భయం ఏమిటని నేను నవ్వితే, మా వాడు "నవ్వకు అమ్మమ్మా, భయం వేసినా వెళ్తాడు కదా" అన్నాడు.

అకాడమీలో ఐదుగురు కొత్త రోబోలు శిక్షణకి చేరతారు. వాళ్ళలో హాట్ షాట్ అని ఒకడున్నాడు. మంచివాడే, మనసున్నవాడే. కాకపోతే మాట పూర్తిగా వినకుండానే బయల్దేరే రకం. ముందు దూకడం, తరువాత ఆలోచించడం. వీళ్ళకి పాఠాలు చెప్పేవాళ్ళలో ఒకరు ఎవరనుకున్నారు? ఆ హీట్‌వేవే! మొదటి సీరియల్ మొదట్లో తనే ఓ కోపిష్టి. యుద్ధవీరుణ్ణి కావాల్సినవాణ్ణి, ఈ చిన్న దీవిలో మంటలార్పుకుంటూ కూర్చోవాలా అని రుసరుసలాడినవాడు. అలాంటివాడు ఇప్పుడు కుర్రకారుకి ఓపిక నేర్పుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. కోడళ్ళుగా వచ్చి అత్తలైన మనకి ఆ సంగతి వేరే చెప్పాలా!

ఓ రోజు మా వాడు ఉన్నట్టుండి అడిగాడు. "అమ్మమ్మా, వెంటనే దూకకపోతే పిరికివాడు అవుతాడు కదా?"

ఆ ప్రశ్నకి నేను నవ్వలేకపోయాను. మా పెదనాన్నగారి అబ్బాయి, నాకు అన్నయ్య, పదహారేళ్ళవాడు. పంట కాలవలో స్నేహితుడు మునిగిపోతుంటే ఒడ్డు మీద నుంచి దూకేశాడు. వాడికి ఈత రాదు. కేకలు విని పరుగెత్తుకొచ్చిన పడవతను గెడ అందిస్తే, ఆ స్నేహితుడు పట్టుకుని పైకొచ్చాడు. అన్నయ్య రాలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళంతా "ఎంత ధైర్యవంతుడమ్మా నీ కొడుకు" అన్నారు. పెద్దమ్మ చాలాకాలం ఏమీ అనలేదు. ఓసారి మాత్రం చారులో కరివేపాకు తుంచి వేస్తూ, "ఆ గెడ ఒడ్డునే ఉందటే" అంది. అంతే. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

అందుకే మా మనవడితో అన్నాను. "దూకడానికి ధైర్యం చాలు నాన్నా. కాపాడడానికి ధైర్యం ఒక్కటే చాలదు. ఒడ్డున గెడ ఉందేమో చూసుకోవాలి."

ఇది పిల్లల కబురు మాత్రమే కాదు. 2023 నవంబరు 12న ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగం కొంత కూలి, 41 మంది కూలీలు లోపల చిక్కుకుపోయారు. ఆదరాబాదరాగా తవ్వితే పైనున్నది మళ్ళీ కూలుతుందేమోనన్న భయం. 6 అంగుళాల గొట్టం లోపలికి చేర్చి, దాని గుండా సీసాల్లో వేడి కిచిడీ పంపించారు. పెద్ద యంత్రం విరిగిపోతే చివరి కొద్ది మీటర్లూ మనుషులే చేతులతో తవ్వారు. నవంబరు 28న 41 మందీ ప్రాణాలతో బయటికొచ్చారు. 2025 ఫిబ్రవరి 22న మన నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలినప్పుడు 8 మంది చిక్కుకున్నారు. బురద, ఊట నీళ్ళు. మనిషి అడుగు పెడితే ప్రమాదమైన చోటికి నిజం రోబోలనే తెప్పించారు. పాపం, ఆ ఎనిమిది మందినీ కాపాడలేకపోయారు. అయినా కాపాడబోయేవాడి ప్రాణం కూడా ప్రాణమే అన్న లెక్క మాత్రం తప్పలేదు.

మరి మన ఇంట్లో? మేమిద్దరం ఓ ఆట మొదలుపెట్టాం. నేను ఆపద చెబుతాను, వాడు ఏం చేస్తాడో చెప్పాలి.

ఎవరైనా నీళ్ళలో పడితే దూకకూడదు. పెద్దగా కేకేసి పెద్దవాళ్ళని పిలవాలి. నేల మీద బోర్లా పడుకుని కర్రో, తువ్వాలో, చీరో అందించాలి. అందకపోతే తేలేదేదైనా, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా అయినా సరే, విసరాలి.

ఎవరికైనా కరెంటు షాకు కొడితే ముట్టుకోకూడదు. మెయిన్ స్విచ్చి ఆపమని అరవాలి.

గ్యాసు వాసన వస్తే పిల్లలు బయటికి పరుగెత్తాలి. మనం లైటు వేయకూడదు, వెలుగుతుంటే ఆర్పకూడదు. రెగ్యులేటరు ఆపి, తలుపులు, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కి ఫోను చేయాలి. ఇతర ఏ ఆపదకైనా 112.

మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. పొయ్యి ఆపి, పెద్ద మూత జాగ్రత్తగా జరిపి కప్పేయాలి. మూకుడు కదపకూడదు. ఇది మనకి. పిల్లలైతే దూరంగా వెళ్ళి పిలవాలంతే.

అంతా విని మా వాడు, "పిలిచినా ఎవరూ రాకపోతే?" అన్నాడు. చూశారా, పిల్లలు ఎక్కడ పట్టుకుంటారో! "మళ్ళీ పిలువు, గొంతు పోయేదాకా పిలువు. అందించేది వెతుకుతూనే ఉండు. నువ్వు మాత్రం నీళ్ళలోకి దిగకు" అన్నాను. వాడి ముఖం చూస్తే పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు. ఒకరోజులో ఒప్పుకునే మాట కాదది. మరో పదిసార్లు ఆడాలి.

మీరూ ఈ రాత్రి అన్నాలు పెడుతూ మీ పిల్లల్ని అడిగి చూడండి. "నీ స్నేహితుడు చెరువులో పడ్డాడనుకో, ఏం చేస్తావు?" అని. వాళ్ళ నోటి వెంట ముందు వచ్చే మాట 'దూకుతా'నా, 'పిలుస్తా'నా అని గమనించండి. 'దూకుతా' అంటే కోప్పడకండి, మంచి మనసున్న పిల్లలు ముందు ఆ మాటే అంటారు. దగ్గర కూర్చోబెట్టుకుని గెడ సంగతి చెప్పండి.